విక్రాంత్‌కు మారుగా ‘రాజ్‌పుత్’: క్లైడ్ నది నుండి విశాఖ రేవు దాకా ఒక యుద్ధనౌక ప్రస్థానం

విశాఖపట్నం: విశాఖ వాసులకు ‘రాజ్‌పుత్’ అనగానే 2021 మే 21న ఇక్కడి నేవల్ డాక్‌యార్డులో సేవల నుండి విరమించిన రష్యా నిర్మిత క్షిపణి నౌకే గుర్తుకు వస్తుంది. నలభై ఒక్క సంవత్సరాలు పనిచేసిన నౌక గనుక ఆ గుర్తింపు న్యాయమైనదే. అయితే భారత నౌకాదళ చరిత్రలో ఈ పేరును తొలిసారి ధరించిన ఓడ వేరొకటి ఉంది. అది రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్‌లో పుట్టింది. ఏడేళ్ళు పరాయి జెండా కింద, ఇరవై ఏడేళ్ళు భారత పతాకం కింద తిరిగింది. 1971 డిసెంబరులో విశాఖ రేవు వాకిట జరిగిన ఒక సంఘటనతో దాని పేరు శాశ్వతంగా ముడిపడిపోయింది. ఆ రాత్రి పాకిస్థాన్ జలాంతర్గామి ‘గాజీ’ని రాజ్‌పుతే ముంచిందా, లేదా అన్న వివాదం ఇప్పటికీ సమసిపోలేదు. ఆ వివాదపు సందడిలో మరుగున పడిపోయినది ఆ నౌక నిజంగా నిర్వర్తించిన కర్తవ్యం.

క్లైడ్ తీరాన జననం

స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో జాన్ బ్రౌన్ కంపెనీ నౌకా నిర్మాణ కేంద్రానికి ప్రపంచ ప్రఖ్యాతి ఉంది. క్వీన్ మేరీ, క్వీన్ ఎలిజబెత్ వంటి మహా ప్రయాణ నౌకలు తయారైనది అక్కడే. 1941లో ఆ కేంద్రంలో బ్రిటిష్ నౌకాదళం కోసం ఒక విధ్వంసక నౌక నిర్మాణం మొదలైంది. 1942 మార్చిలో జలప్రవేశం చేసి, అదే సంవత్సరం ఆగస్టులో నౌకాదళంలో చేరిన ఆ ఓడకు యార్క్‌షైర్ ప్రాంతంలోని ఒక పారిశ్రామిక పట్టణం పేరిట ‘హెచ్ఎంఎస్ రాథర్‌హామ్’ అని పేరు పెట్టారు. అది జలప్రవేశం చేసిన కొద్ది రోజులకే, 1942 ఏప్రిల్ 6న, జపాను విమానాలు విశాఖపట్నంపైన, కాకినాడపైన బాంబులు కురిపించాయి. ఒకనాటికి ఆ ఓడ ఈ తీరాన్నే కాపు కాయవలసి వస్తుందని నాడు ఎవరూ ఊహించి ఉండరు.

రాథర్‌హామ్ ‘ఆర్’ తరగతికి చెందినది. ఈ తరగతిలోని ఎనిమిది నౌకల పేర్లూ ఆంగ్లంలో ఆర్ అక్షరంతోనే మొదలవుతాయి. రేస్‌హార్స్, రైడర్, ర్యాపిడ్, రిడౌట్, రిలెంట్‌లెస్, రాకెట్, రోబక్ తక్కిన ఏడు. వీటన్నిటికీ నాయక నౌకగా ఉండేందుకు రాథర్‌హామ్‌ను రూపొందించారు. అనగా దళాధిపతి, ఆయన సిబ్బంది ఇందులోనే ప్రయాణిస్తారు. అందుకు తగినట్లు వసతి కూడా కొంత ఎక్కువ. నిడివి సుమారు 109 మీటర్లు. 4.7 అంగుళాల శతఘ్నులు నాలుగు, టార్పెడో గొట్టాలు ఎనిమిది, జలాంతర్గాములపై ప్రయోగించే డెప్త్ చార్జీలు దీని ఆయుధాలు. నలభై వేల అశ్వశక్తి గల ఆవిరి టర్బైన్లు దానిని గంటకు 36 నాట్ల వేగంతో, అంటే రమారమి 66 కిలోమీటర్లతో పరుగెత్తించేవి.

ఈ తరగతి నౌకలలో ఒక చిన్న మార్పు నావికుల మెప్పు పొందింది. అంతకుముందు విధ్వంసక నౌకలలో అధికారుల గదులు ఓడ వెనుక కొసన ఉండేవి. తుపాను వేళ అక్కడి నుండి చుక్కాని వేదిక వరకు రావాలంటే అలలు విరుచుకుపడే పైతట్టు మీదుగా ప్రాణాలకు తెగించి నడవవలసిందే. అట్లాంటిక్ యుద్ధానుభవంతో ఆ గదులను ఓడ నడిమి భాగానికి తెచ్చారు.

హిందూ మహాసముద్రంలో

యుద్ధంలో రాథర్‌హామ్ ప్రధానంగా సేవలందించినది మన సముద్రంలోనే. సింహళంలోని ట్రింకోమలీ కేంద్రంగా పనిచేసిన బ్రిటిష్ తూర్పు నౌకా సమూహంలో అది భాగమైంది. 1944 ఏప్రిల్‌లో సుమత్రా ఉత్తర కొసనున్న సబాంగ్ రేవుపై మిత్రరాజ్యాల విమానవాహక నౌకలు దాడి చేసినప్పుడు వాటి వెంట కాపుగా నడిచిన విధ్వంసక నౌకలలో రాథర్‌హామ్ ఒకటి. పెద్ద ఓడల చుట్టూ వలయంగా తిరుగుతూ జలాంతర్గాముల జాడ పసిగట్టడం, దారి తప్పిన వర్తక నౌకలను తోడ్కొని రావడం, నీట పడిన వారిని పైకి లాగడం ఇటువంటి నౌకల నిత్యకృత్యం. చరిత్ర గ్రంథాలలో వీటికి దక్కే చోటు స్వల్పం.

జపాను లొంగిపోయిన తరువాత 1945 సెప్టెంబరులో సింగపూర్ నౌకా స్థావరాన్ని తిరిగి స్వాధీనం చేసుకునే బాధ్యత రాథర్‌హామ్ అధిపతి కెప్టెన్ బిగ్స్‌కు దక్కింది. ఆ జ్ఞాపకార్థం స్థావరపు ప్రవేశద్వారాలలో ఒకదానికి ‘రాథర్‌హామ్ గేట్’ అని పేరు పెట్టారు. 1942లో సింగపూర్ పతనం బ్రిటన్‌కు ఎంతటి అవమానాన్ని మిగిల్చిందో ఎరిగిన వారికి ఆ పేరులోని భావం బోధపడుతుంది.

రాథర్‌హామ్ రాజ్‌పుత్ అయిన వైనం

స్వాతంత్ర్యం, దానితోపాటు దేశ విభజన వచ్చేనాటికి భారత నౌకాదళం వద్ద మిగిలినవి ప్రధానంగా చిన్న ఓడలే. కొత్తవాటిని నిర్మించే శక్తి దేశంలో లేదు. యుద్ధం ముగిసిన బ్రిటన్ వద్ద అవసరానికి మించిన ఓడలు పోగుపడి ఉన్నాయి. ఆ విధంగా 1948లో క్రూయిజర్ ‘ఢిల్లీ’ వచ్చింది. న్యూజిలాండ్ నావికులతో ‘అకిలీస్’ పేరిట జర్మన్ యుద్ధనౌక గ్రాఫ్ స్పేతో తలపడిన ఓడ అదే. మరుసటి సంవత్సరం, 1949లో, మూడు ‘ఆర్’ తరగతి విధ్వంసక నౌకలు భారత్‌కు చేరాయి. రాథర్‌హామ్ ‘రాజ్‌పుత్’గా, రిడౌట్ ‘రంజిత్’గా, రైడర్ ‘రాణా’గా మారాయి. పేర్లు మారినా తొలి అక్షరం మారలేదు. నవజాత గణతంత్ర భారతానికి అవే తొలి విధ్వంసక నౌకలు.

తరువాతి పన్నెండేళ్ళు నౌకాదళంలో ఒక తరం అధికారులకు, నావికులకు ఈ మూడు ఓడలు బడులుగా ఉపకరించాయి. ఆయుధాల వాడకం, ఆవిరి యంత్రాల నిర్వహణ, సమూహంగా ప్రయాణించే నేర్పు వారు వీటిపైనే అలవరచుకున్నారు.

1961 డిసెంబరులో పోర్చుగీసు పాలన నుండి గోవాను విముక్తం చేసిన ‘ఆపరేషన్ విజయ్’లో రాజ్‌పుత్ పాల్గొన్నది. అప్పటికి చేతికి వచ్చి తొమ్మిది నెలలే అయిన విమానవాహక నౌక ‘విక్రాంత్’ చుట్టూ ఏర్పడిన దళంలో ఢిల్లీ, కుఠార్, కిర్పాన్, ఖుక్రీ నౌకలతో పాటు ఇది కూడా ఉంది. ఆంధ్రులకు ఆసక్తి కలిగించే విషయం ఇక్కడ మరొకటి ఉంది. ఆ చర్యలో సముద్ర మైన్లను ఏరివేసేందుకు నియోగించిన చిన్న ఓడలలో రెండింటి పేర్లు ‘కాకినాడ’, ‘బిమ్లిపటం’. రెండవది మన భీమునిపట్నమే. విక్రాంత్‌కు అంగరక్షకురాలిగా రాజ్‌పుత్ నడవడం అది తొలిసారి. పదేళ్ళ తరువాత అది స్వయంగా విక్రాంత్ వేషం కట్టవలసి వచ్చింది.

1965 యుద్ధంలో భారత నౌకాదళానికి లభించిన పాత్ర పరిమితం. అయితే మన కథకు సంబంధించిన ప్రత్యర్థి రంగప్రవేశం చేసినది ఆ యుద్ధంలోనే. 1944లో అమెరికాలో ‘డయాబ్లో’ పేరిట జలప్రవేశం చేసిన జలాంతర్గామిని 1964లో పాకిస్థాన్ అద్దెకు తీసుకుని ‘గాజీ’ అని పేరు పెట్టింది. 1965లో ఉపఖండం మొత్తం మీద ఉన్న జలాంతర్గామి అదొక్కటే. భారత్‌కు తొలి జలాంతర్గామి ‘కల్వరి’ 1967 డిసెంబరులో గాని లభించలేదు. 1965లో బొంబాయి తీరాన పెద్ద నౌకల కోసం గాజీ మాటువేసింది. మరమ్మతులలో ఉన్న విక్రాంత్ ఆ యుద్ధంలో సముద్రంలోకి రానే లేదు.

1971: తూర్పు తీరంలో ఎత్తుకు పైఎత్తు

ఆరేళ్ళ తరువాత పరిస్థితి మారింది. తూర్పు పాకిస్థాన్‌లో సైనిక దమనకాండ, లక్షలాది శరణార్థుల రాక, యుద్ధం తప్పదన్న సూచనలు. తూర్పు పాకిస్థాన్ రేవులను దిగ్బంధించే నిమిత్తం విక్రాంత్‌ను బంగాళాఖాతానికి తరలించారు. 1971 నవంబరు 1న విశాఖపట్నం కేంద్రంగా తూర్పు నౌకా సమూహం ఏర్పడింది. తూర్పు నౌకాదళ కమాండ్ అధిపతి వైస్ అడ్మిరల్ నీలకంఠ కృష్ణన్. ఆయన ముందున్న చిక్కు ఒకటే. విక్రాంత్ బాయిలర్లలో ఒకటి పగుళ్ళిచ్చింది. పూర్తి వేగంతో అది పరుగెత్తలేదు. వేగమే విమానవాహక నౌకకు కవచం. వేగం లేని విక్రాంత్‌ను శత్రు జలాంతర్గామి పసిగడితే తప్పించుకునే దారి లేదు. అటు పాకిస్థాన్‌కు ఫ్రాన్సు నుండి వచ్చిన కొత్త జలాంతర్గాములు మూడున్నా, కరాచీ నుండి ద్వీపకల్పాన్ని చుట్టి బంగాళాఖాతం చేరి, అక్కడ వారాల తరబడి మాటువేసేంత సామర్థ్యం గాజీకే ఉంది.

1971 నవంబరు 14న కమాండర్ జఫర్ మహమ్మద్ ఖాన్ నాయకత్వంలో గాజీ కరాచీ విడిచింది. అందులో తొంభై మందికి పైగా సిబ్బంది ఉన్నారు. టార్పెడోలతోపాటు రేవు ముఖద్వారాలలో పరిచేందుకు మైన్లు కూడా ఉన్నాయి. అంతకు కొంతకాలం ముందు టర్కీలో దానికి మరమ్మతులు జరిగినప్పుడు మైన్లు పరిచే సదుపాయం సమకూర్చారు. 1967 యుద్ధంతో సూయజ్ కాలువ మూతపడినందున ఆ మరమ్మతుల కోసం గాజీ ఆఫ్రికా ఖండాన్ని చుట్టివెళ్ళి, మరల చుట్టివచ్చింది. తయారై పాతికేళ్ళు దాటిన జలాంతర్గామికి అది చిన్న శ్రమ కాదు.

గాజీ వస్తున్నదని భారత నౌకాదళం ఎలా గ్రహించింది? చిట్టగాంగ్‌లోని పాకిస్థాన్ నౌకాధికారులకు వెళ్ళిన ఒక వైర్‌లెస్ సందేశం మన వారికి చిక్కింది. ఒక ప్రత్యేక రకం కందెన నూనె గురించిన వాకబు అందులో ఉంది. ఆ నూనెను వాడేవి జలాంతర్గాములు, మైన్లు ఏరివేసే ఓడలు మాత్రమే. తూర్పు పాకిస్థాన్‌లో ఆ రెండూ లేవు. కనుక ఒక జలాంతర్గామి అటు బయలుదేరిందని అర్థమైంది.

కృష్ణన్ ఆలోచన రెండు భాగాలుగా సాగింది. విక్రాంత్‌ను, దాని కాపు నౌకలను అండమాన్ దీవులలో ఎవరి కంటా పడని ఒక అఖాతానికి పంపి, ఆ చోటుకు ‘పోర్ట్ ఎక్స్‌రే’ అని సంకేతనామం ఇచ్చారు. విశాఖ నుండి అది వెయ్యి కిలోమీటర్లకు పైబడిన దూరం. విక్రాంత్ విశాఖ పరిసరాలలోనే ఉన్నదని శత్రువు నమ్మేలా చేయడం రెండవది. అందుకు ఎంచుకున్న ఓడ రాజ్‌పుత్.

ఈ ఎంపికలో కఠినమైన లెక్క ఉంది. అప్పటికి రాజ్‌పుత్ వయస్సు ఇరవై తొమ్మిదేళ్ళు. సేవల నుండి తప్పించడానికి సిద్ధమవుతున్న ఓడ. కొత్త జలాంతర్గామి వేట నౌకలు విక్రాంత్‌ను కాచుకోవాలి. పోతే పెద్దగా లోటనిపించని ఓడనే ఎరగా వేస్తారు. ఆ ఓడలోని వారికి కూడా ఈ సంగతి తెలియనిది కాదు. సారథి లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్. కృష్ణన్ ఆయనను పిలిపించి, విశాఖకు 160 మైళ్ళ దూరం వెళ్ళి విక్రాంత్‌లా నటించవలసిందని ఆదేశించారు.

నటన అంటే వేషం మార్చడం కాదు. నీటి కింద ఉన్న జలాంతర్గామికి, దూరాన ఉన్న శత్రు వైర్‌లెస్ కేంద్రాలకు ఓడ ఆకారం కనిపించదు. దాని సంకేతాల రద్దీయే దాని ఆనవాలు. పెద్ద నౌకా సమూహం చుట్టూ సందేశాలు జోరుగా సాగుతాయి. కనుక రాజ్‌పుత్ విక్రాంత్ పేరిట పుంఖానుపుంఖంగా సందేశాలు పంపింది. వాటిలో ఒకటి రహస్య లిపిలో లేదు. విక్రాంత్‌లోని ఒక నావికుడు జబ్బుపడిన తన తల్లి క్షేమం విచారిస్తున్నట్లు పంపిన సొంత తంతి అది. యుద్ధవేళ అటువంటి సందేశం వెలువడటం క్రమశిక్షణ లోపమని వినేవారు భావిస్తారు. లోపమనిపించడమే దాని బలం.

ఊళ్ళో కూడా నాటకం నడిచింది. విశాఖ గుత్తేదారుల వద్ద మాంసం, కూరగాయలు పెద్ద మొత్తంలో కావాలని నౌకాదళం పురమాయించింది. వేయి మందికి పైబడిన సిబ్బంది గల ఓడ రేవులోనో, రేవు సమీపంలోనో ఉంటే తప్ప అంత సరుకు అవసరపడదు. బజారులో పుట్టిన మాట వేగుల చెవిన పడకపోదన్నది అధికారుల నమ్మకం. తమకు తెలియకుండానే విశాఖ వర్తకులు ఆ యుద్ధ వ్యూహంలో భాగస్వాములయ్యారు.

ఆ అర్ధరాత్రి

డిసెంబరు 3 సాయంత్రం పాకిస్థాన్ విమానాలు పశ్చిమాన మన వైమానిక స్థావరాలపై దాడి చేశాయి. యుద్ధం మొదలైంది. ఆ సమయానికి రాజ్‌పుత్ విశాఖ రేవులో ఉంది. ఇంధనం నింపుకుని అర్ధరాత్రికి ముందు రేవు విడిచింది.

విశాఖ రేవు స్వరూపం తెలిసిన వారికి ఆ ప్రయాణంలోని అపాయం సులభంగా అర్థమవుతుంది. ఔటర్ హార్బర్ అప్పటికి వాడుకలోకి రాలేదు. ఓడలన్నీ డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కగా సాగే ఇరుకు కాలువ గుండానే వెలుపలికి రావాలి. ఆ కాలువలో ఓడ వేగం పెంచలేదు, మలుపు తిరగలేదు. మాటువేసిన జలాంతర్గామికి అంతకన్న అనువైన చోటు ఉండదు. దారి చూపే దీపాలన్నీ ఆర్పివేసిన ఆ రాత్రి రాజ్‌పుత్ పైలట్‌ను వెంటబెట్టుకుని కాలువ దాటింది. ముఖద్వారం వద్ద పైలట్ దిగిపోయిన తరువాత, వెలుపల శత్రువు పొంచి ఉండవచ్చునన్న అనుమానం ఇందర్ సింగ్‌కు కలిగింది. వెంటనే వేగం పెంచమని ఆజ్ఞాపించారు.

నౌకాదళ కథనం ప్రకారం, అర్ధరాత్రి దాటి పావుగంట కావస్తుండగా ఓడ ముందు కుడివైపున నీరు అలజడిగా ఉన్నదని కాపలా నావికుడు కేకవేశాడు. జలాంతర్గామి మునుగుతున్నదేమోనన్న శంకతో ఓడను అటు తిప్పి రెండు డెప్త్ చార్జీలను జారవిడిచారు. డెప్త్ చార్జీ అంటే పేలుడు పదార్థం నింపిన పీపా. అది తిన్నగా శత్రువును తాకనక్కర లేదు. నిర్ణీత లోతుకు చేరగానే నీటి ఒత్తిడికి దాని మీట విడుతుంది. ఆ పేలుడు తాకిడి నీటి గుండా వ్యాపించి జలాంతర్గామి ఉక్కు పొరను నలిపివేస్తుంది. తీరానికి దగ్గరగా, లోతు తక్కువైన చోట దానిని విడిచిన ఓడకే ముప్పు. వేగంగా తప్పుకోలేకపోతే తన పేలుడు తన అడుగునే చీలుస్తుంది. ఆ అదురుకు రాజ్‌పుత్ కంపించిపోయింది. కొంతసేపు అక్కడే గాలించి, జాడేమీ కనబడక, అది తనకు అప్పగించిన పనిపై ముందుకు సాగిపోయింది.

కొద్ది నిమిషాల తరువాత తీరానికి సమీపాన మహా విస్ఫోటనం వినిపించింది. ఊళ్ళో కిటికీ అద్దాలు కంపించాయి. ప్రధాని ఇందిరాగాంధీ రేడియో ప్రసంగం కోసం మేల్కొని ఉన్న పలువురు అది భూకంపమని భ్రమపడ్డారు.

తెల్లవారిన తరువాత వేటకు వెళ్ళిన మత్స్యకారులు నీటిపై తేలుతున్న చమురు తెట్టును, వస్తువులను చూసి వాటిని ఒడ్డుకు తెచ్చారు. నౌకాదళ గజ ఈతగాళ్ళు దిగి చూడగా, ముందుభాగం ఛిద్రమైన జలాంతర్గామి అడుగున కూరుకుపోయి కనిపించింది. సోవియట్ యూనియన్ నుండి ఆ సంవత్సరమే వచ్చిన ‘నిస్తార్’ అనే సహాయక నౌక ఈ పనిలో తోడ్పడింది. లోపల దొరికిన పత్రాలతో అది గాజీ అని నిర్ధారణ అయింది. సిబ్బందిలో ఒక్కరు కూడా బతకలేదు. భారత నౌకాదళం ఈ వార్తను డిసెంబరు 9న ప్రకటించింది. అదే రాత్రి అరేబియా సముద్రంలో పాకిస్థాన్ జలాంతర్గామి ‘హంగోర్’ మన ఖుక్రీని ముంచివేసింది. గోవా చర్యలో రాజ్‌పుత్ పక్కన నడిచిన ఖుక్రీయే అది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడతోపాటే జలసమాధి అయ్యారు.

ముంచినది ఎవరు?

యుద్ధానంతరం గాజీ వినాశం ఖ్యాతి రాజ్‌పుత్‌కు దక్కింది. పాకిస్థాన్ దానిని అంగీకరించలేదు. తాను పరిచిన మైనుపైకి తానే వెళ్ళి గాజీ పేలిపోయిందని, లేదా లోపలి ప్రమాదం వల్ల మునిగిందని ఆ దేశపు వాదన. నవంబరు చివరి వారం నుండే గాజీ నుండి వర్తమానాలు అందలేదని కూడా అక్కడి కథనాలు చెబుతాయి.

అయితే సందేహాలు వెలిబుచ్చినది పాకిస్థాన్ వారే కాదు. నౌకాదళంలో ఉన్నత పదవులు నిర్వహించిన వైస్ అడ్మిరల్ మిహిర్ రాయ్ తన గ్రంథంలో హైడ్రోజన్ పేలుడుకు గల అవకాశాన్ని ప్రస్తావించారు. జలాంతర్గామి నీటి కింద నడిచేది బ్యాటరీల బలంతో. వాటిని చార్జి చేసేటప్పుడు హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. గాలి సరిగా ఆడక అది పోగుపడితే చిన్న నిప్పురవ్వ చాలు. మాటువేసి రోజుల తరబడి నీటి అడుగున గడిపే పాత జలాంతర్గామిలో అది అసంభవం కాదు. 1971లో తూర్పు సైనిక కమాండ్‌లో ముఖ్య పాత్ర వహించిన లెఫ్టినెంట్ జనరల్ జె.ఎఫ్.ఆర్. జాకబ్ సైతం గాజీ మునక ప్రమాదవశాత్తు జరిగినదేనని, ఆ ఘనత నౌకాదళానిది కాదని 2010లో రాశారు. తూర్పు నౌకాదళ కమాండ్‌లోని గాజీ సంబంధిత పత్రాలు కొన్నేళ్ళ క్రితమే నాశనం చేయబడ్డాయని అదే సంవత్సరం పత్రికలలో వచ్చింది. నౌకాదళ చరిత్రకారుడు వైస్ అడ్మిరల్ జి.ఎం. హీరానందానీ కూడా ఈ విషయంలో తుది తీర్పు చెప్పలేదు.

ఈ వాదాలన్నీ ఒకదానికొకటి పూర్తిగా పొసగనివి కావు. రాజ్‌పుత్ శబ్దం విని గాజీ హడావుడిగా లోతులేని నీటిలో మునిగి నేలను తాకి ఉండవచ్చు. డెప్త్ చార్జీల అదురుకు లోపలి మైన్లో, టార్పెడోలో పేలి ఉండవచ్చు. వాటితో ప్రమేయం లేకుండానే అది నశించి ఉండవచ్చు. ముందుభాగంలో పేలుడు జరిగిందన్నంత వరకు ఎవరికీ భేదాభిప్రాయం లేదు. దానికి నిప్పు ఎవరు పెట్టారన్న ప్రశ్నకు సమాధానం చెప్పవలసిన కాగితాలు మిగలలేదు.

ఒక మాట మాత్రం నిస్సందేహంగా చెప్పవచ్చు. ఏ కారణాన మునిగినా, గాజీ విశాఖ వాకిట్లోనే మునిగింది. విక్రాంత్ అప్పుడు అండమాన్‌లో ఉంది. వేట కుక్కను లేని లేడి వెంట పరుగెత్తించడమే రాజ్‌పుత్‌కు అప్పగించిన పని. ఆ పని అది నెరవేర్చింది. డిసెంబరు 4న విక్రాంత్ నుండి లేచిన సీహాక్ విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగ్‌లపై దాడులు చేశాయి. బాయిలర్ పగిలిన ఆ నౌక యుద్ధమంతా నిరాటంకంగా పనిచేసింది. గాజీని ముంచిన ఖ్యాతికంటె ఈ ఎరపాత్రే రాజ్‌పుత్‌కు గట్టి కీర్తి. దానికి సాక్ష్యాల కొరత లేదు.

తరువాతి కాలం

యుద్ధం తరువాత రాజ్‌పుత్ మరి కొన్నేళ్ళే మనగలిగింది. 1976లో దానిని సేవల నుండి తొలగించి తుక్కు కింద విడగొట్టారు. పేరు మాత్రం నాలుగేళ్ళకే తిరిగి వచ్చింది. సోవియట్ యూనియన్‌లోని నికొలయేవ్‌లో నిర్మితమైన కొత్త రాజ్‌పుత్ 1980 మే 4న జార్జియాలోని పోతి రేవులో భారత నౌకాదళంలో చేరింది. దాని తొలి సారథి పైన పేర్కొన్న హీరానందానీయే. శ్రీలంకలో శాంతి దళ చర్యలలో, 1988లో మాల్దీవుల రక్షణ చర్యలో అది పాల్గొన్నది. బ్రహ్మోస్ క్షిపణి పరీక్షలకు వేదికగా నిలిచింది. భారత సైన్యపు రెజిమెంటుతో అనుబంధం పొందిన తొలి నౌక అదే. ఆ రెజిమెంటు పేరు కూడా రాజ్‌పుతే.

విశాఖ బీచ్ రోడ్డులోని ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకం 1971 విజయానికి గుర్తుగా వెలసింది. దాని చేరువలోనే 2002 నుండి ప్రదర్శనశాలగా ఉన్న ‘కుర్సురా’ జలాంతర్గామిని చూసి, గాజీని ముంచినది ఇదేనా అని అడిగే సందర్శకులు లేకపోలేదు. కుర్సురా ఆ యుద్ధంలో పనిచేసినది అరేబియా సముద్రంలో. 2017లో సంకల్ప్ రెడ్డి దర్శకత్వంలో వచ్చిన తెలుగు చిత్రం ‘ఘాజీ’ జాతీయ పురస్కారం పొందింది. ఆ కథలో గాజీని ఎదిరించి ముంచేది ఒక భారతీయ జలాంతర్గామి. అది కల్పన. జనం మనసులో అదే చరిత్రగా నిలిచిపోయే ప్రమాదం ఉన్నందున ఈ సంగతి చెప్పుకోవలసి వస్తున్నది.

నాడు గాజీ శకలాల వద్ద ఈతగాళ్ళకు తోడుగా నిలిచిన నిస్తార్ పేరిట విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డ్ నిర్మించిన కొత్త నౌక 2025 జూలై 18న ఇక్కడే నౌకాదళంలో చేరింది. గాజీ మాత్రం తీరానికి రెండు, రెండున్నర కిలోమీటర్ల దూరంలో సముద్రగర్భంలోనే ఉంది. లోతు నీటిలో చిక్కుకున్న జలాంతర్గాముల సిబ్బందిని కాపాడేందుకు నౌకాదళం సమకూర్చుకున్న వాహనం దాని చోటును గుర్తించినట్లు 2024 ఫిబ్రవరిలో వెల్లడైంది. తొంభై మందికి పైగా నావికుల సమాధి స్థలంగా భావించి ఆ శకలాలను నౌకాదళం కదపకుండా విడిచిపెట్టింది.